ఊరికే

కట్టెల దొంతి మీద నుంచి పడింది.
ఎత్తెంత అంటే, నా ఛాతీ దాకా.
పడిన చప్పుడు నేను వినలేదు,
పొయ్యిలో తుమ్మ మొద్దు పగిలిందనుకున్నా.

నుదుటి మీద బొప్పి.
మా అమ్మ ఉప్పు మూటతో కాపడం పెట్టింది.
"పైకి ఉబికింది గదా, మంచిదే,
లోపలికి పోతేనే భయం" అంది.
ఆమెకి ఎవరు చెప్పారో, వాళ్ళకి ఎవరు చెప్పారో.

ఏడు దాటాక ఒకసారి కక్కింది.
మధ్యాహ్నం రేగొడియాలు దోసెడు తినింది గదా అంది రవణమ్మ.
దెబ్బదా, రేగొడియాలదా ఆ కక్కు?
టార్చి వేసి ముగ్గురం వంగి చూశాం,
జవాబు అందులో రాసిపెట్టి ఉన్నట్టు.
ఎర్ర తొక్కలు. ఇంకేం లేవు.

ఆరెంపీ మాలకొండయ్య ఫోన్లో చెప్పాడు:
"మత్తుగా ఉంటే ఒంగోలు తీసకపో.
లేదంటే గంటకోసారి లేపి పేరడుగు."
రాత్రి తొమ్మిదింటికి ఆరేళ్ళ పిల్ల
మత్తుగా కాక ఇంకెట్టా ఉంటది?

నాకు తెలిసిన విద్య ఒకటే.
పద్దెనిమిది సీజన్లు బ్యారన్ కాశాను.
గోడకి అరచెయ్యి ఆనిస్తే డిగ్రీలు చెప్తా.
అద్దంలోంచి చూసి
ఆకు పండిందో, ఇంకో మూడు గంటలు ఆగాలో చెప్తా.
అది రంగు పట్టే రాత్రి.
వేడి నాలుగు డిగ్రీలు జారితే ఆకు మచ్చ పడుద్ది.
మచ్చ పడ్డ ఆకు దగ్గర
టంగుటూరు వేలంలో ఎవరూ ఆగరు.

ఆ అరచెయ్యే పిల్ల నుదుటి మీద పెట్టా.
అది ఏమీ చెప్పలేదు.

పదింటికి లేపా. నీ పేరేంది?
"అంకిత. ఒకటో తరగతి బి సెక్షన్. పడుకోనీ నాన్నా."
పోయి రెండు మొద్దులు వేసొచ్చా.
పదకొండుకి, "అంకిత". కళ్ళు తెరవలేదు.
పన్నెండుకి లేపితే
"అంకమ్మ" అంది.

ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.
అది మా అమ్మ మొక్కుకుని పెట్టిన పేరు.
బడిలో చేర్చిన రోజు నుంచి
ఆ పేరు పెట్టి పిలిస్తే పలకదు, చెప్పు విసురుద్ది.
"తల్లి పలికిందిరా" అని మా అమ్మ దణ్ణం పెట్టింది.
"నిద్రలో అందిలే" అంది రవణమ్మ,
అంటూనే పిల్లకి స్వెట్టర్ తొడుగుతా ఉంది.
తప్పు పేరు కాదు. సొంత పేరే.
మరి నా మోకాళ్ళు ఎందుకు వణికాయి?

ఆసామి ఫోన్ ఎత్తలేదు.
నూటెనిమిది కనిగిరి దారిలో ఉందంట, గంటన్నర పడుద్దంట.
హజరత్తుని లేపి ఆటో తీయించా.
పొయ్యి మా అమ్మకి అప్పజెప్పా,
గీత ఇక్కడుండాల అని అద్దం మీద మసితో గుర్తు పెట్టి.

గుంత వచ్చినప్పుడల్లా రవణమ్మ
గుడ్ల బుట్టని పట్టుకున్నట్టు పిల్ల తలను పట్టుకుంది.
నేను దారి పొడుగునా పేరడుగుతూనే ఉన్నా.
"తెలిసి కూడా ఎందుకు అడుగుతావు!" అని కసిరింది ఒకసారి.
ఆ కసురుకి సగం ప్రాణం లేచొచ్చింది.
వెనక్కి తిప్పు హజరత్తూ అందామని
నోటిదాకా వచ్చింది.
టోల్‌గేటు లైట్లు కనపడ్డాయి.
అనలేదు.

రిమ్స్‌లో కుర్ర డాక్టరు కళ్ళల్లో లైటు వేశాడు,
వేలు అటూ ఇటూ తిప్పాడు, తలకాయ ఫొటో తీయించాడు.
తెల్లారిందాకా బెంచీ మీద కూర్చోబెట్టి
"ఏం లేదు, తీసుకెళ్ళండి" అన్నాడు,
మా మొహాలు చూడకుండానే.
ఏమీ లేకపోవడం అంత బరువుంటదని నాకు తెలియదు,
మెట్ల మీద కూలబడ్డాను.

బ్యారన్లో సగం ఆకు మచ్చ పడింది.
మా అమ్మ పాపం, గుర్తు దగ్గరే నిలబడి కునికింది.
ఆసామి కూలిలో కోశాడు. ఎంతో చెప్పను.

బొప్పి పచ్చబడి, అంకిత దాన్ని
బడిలో అందరికీ ముట్టుకోనిచ్చిన రోజు
టీ బంకు కాడ వెంకటరత్నం అడిగాడు,
"ఊరికే పోయొచ్చావంటగా?"

అవునన్నా.
పోయింది ఊరికే.
వచ్చిందీ ఊరికే,
ముగ్గురం పోయి, ముగ్గురం.